సమ్మెట బరువు ఎవరి భుజం మీద?

(కమ్మరి, వడ్ల వృత్తిదారులు, ఐటీఐ విద్యార్థులు, ఉద్యోగులు కలిసి జరుపుకున్న సదస్సుల చేసిన ప్రసంగ పాఠం)

 

మన సభలల్ల నీళ్లు, నిధులు, నియామకాల గురించి మాట్లాడుకుంటం. ఇయ్యాల నేను ఒక సుత్తె గురించి మాట్లాడుత. కరెంటు మోటరు, పాత కారు చక్రం, జీపు కమాన్ పట్టాలు, స్క్రాపు దుకాణంల దొరికే ఇనుప దిమ్మెలతోని మనమే కట్టుకోగలిగే పవర్ హ్యామర్ గురించి. ఉద్యమ సభల ఈ మిషిన్ ముచ్చటేందని అనుకోకండి. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. దానికోసం కొట్లాడిన దినాలల్ల ఊరూరా తిరిగి మనం చెప్పిన మాటలల్ల ఒకటి, మన చేతి వృత్తులు మళ్ల నిలబడతయి అని. ఆ మాట ఎంతవరకు నిజమైందో తెలుసుకోవాలంటే లెక్కల పుస్తకాలు తిరగెయ్యనక్కర లేదు. కొలిమి కాడికి పోయి, సమ్మెట ఎవరు కొడుతున్నరో చూస్తే చాలు.

సమ్మెట ఎవరు కొడుతున్నరు?

కమ్మరి పని ఒక్కరితోని అయ్యేది కాదు. ఒకరు పటుకారుతోని కాలిన ఇనుమును దాగలి మీద పట్టుకొని, చిన్న సుత్తెతోని దెబ్బ ఎక్కడ పడాల్నో చూపెడుతరు. ఎదురుంగ నిలబడ్డ రెండో మనిషి సమ్మెట ఎత్తి ఆడ్నే కొడుతరు. ఎనుకట ఆ రెండో మనిషికి కొదువ లేకుండె. తమ్ముడు ఉండేటోడు, కొడుకు ఉండేటోడు. కర్రు కాల్పించుకోను వచ్చిన రైతే సమ్మెట అందుకునేటోడు. ఇప్పుడు నాగలి అటక మీదికెక్కింది. రైతు ట్రాక్టరు కోసం ఫోన్ చేస్తున్నడు. కొడుకు హైదరాబాద్‌లనో, దుబాయిలనో ఉన్నడు. మిగిలింది ఇంటి ఆడామె. ఐదారు కిలోల సమ్మెట ఇయ్యాల చాలా ఊర్లల్ల ఆమె చేతుల ఉన్నది.

పొద్దుగాల వంట చేసి, బొగ్గులు మోసి, తిత్తి ఊది, సమ్మెట ఎత్తేది ఆమె. యాభై ఏండ్లకే భుజాలు పట్టుకపోయేది ఆమెకు. అయినా ఆమెను ఎవరూ కమ్మరి అనరు, కమ్మరాయన భార్య అంటరు. రాష్ట్రం వచ్చినంక ఆమె భుజం మీది బరువు ఎంత తగ్గిందన్నది ఈ సభ ముందున్న ప్రశ్న.

ఇంకో సంగతి చూడుండ్రి. ఎర్రగ కాలిన ఇనుము మనకోసం ఆగది. కొలిమిల నుంచి తీసినంక సాగదీసే వేడి నిమిషం సేపు కూడ నిలువది. బలమున్న మనిషి సమ్మెట కొడితే ఆ నిమిషంల ముప్పయి నలభై దెబ్బలు. అంతలనే ఇనుము నల్లబడుతది. మళ్ల కొలిమిల పెట్టాలె, మళ్ల బొగ్గులు పొయ్యాలె, మళ్ల ఊదాలె. ఒక గడ్డపార మొన సాగదీయాలంటే నాలుగైదు కాకలు. కమ్మరి కూలి సగం ఈ బొగ్గులల్లనే కాలిపోతది.

ఉక్కు పుట్టిన గడ్డ

మనకు ఇనుము పని రాక ఈ గతి పట్టిందా? నిజామాబాద్ జిల్లాల కమ్మర్‌పల్లి అని మండలం ఉన్నది. పేర్లనే కమ్మరి ఉన్నడు. ఆ మండలంల కోనసముద్రం అనే ఊరు ఉన్నది. 1820లల్ల వాయిసీ అనే ఇంగ్లీషు పరిశోధకుడు ఆ ఊరికి వచ్చి, మట్టి మూసలల్ల ఉక్కు ఎట్ల తీస్తున్నరో చూసి రాసిండు. ఆ ఉక్కు కొనేందుకు ఇరాన్‌ల ఇస్ఫహాన్ నుంచి వర్తకులు వచ్చేటోళ్లు. మన 'ఉక్కు' అన్న మాట నుంచే ఇంగ్లీషుల 'వూట్జ్' అన్న పేరు పుట్టిందని పండితులు చెప్తరు. విద్యుత్తు శాస్త్రంల అందరూ చదువుకునే మైకేల్ ఫారడే కూడ 1819 నాటికే ఈ వూట్జ్ ఉక్కుల ఏమున్నదని పరీక్షలు చేసిండు. 2010ల బెంగుళూరు, ఇంగ్లండ్ పరిశోధకులు ఉత్తర తెలంగాణ ఊర్లు తిరిగి, వందల చోట్ల ఇనుప చిట్టెం కుప్పలను, పాత కొలుముల ఆనవాళ్లను నమోదు చేసిన్రు.

అంటే కొదువ పడ్డది తెలివి కాదు, దెబ్బకు బలం. లోకంల మిగతా చోట్ల ఆ దెబ్బను మనిషి భుజం మీది నుంచి ఎప్పుడో దించిన్రు. యూరప్‌ల నీటి చక్రాలతోని పెద్ద సుత్తెలు లేపిన్రు. 1839ల జేమ్స్ నాస్మిత్ ఆవిరి సుత్తె బొమ్మ గీసిండు. తర్వాత కరెంటు వచ్చింది. మన కొలిమి కాడికి మాత్రం ఆ సుత్తె రాలేదు. వచ్చినా మండల కేంద్రంల పైసలున్న ఒకరిద్దరి షెడ్లకే వచ్చింది. లూధియానా, రాజ్‌కోట్ తయారీ స్ప్రింగు హ్యామర్లు బజార్ల దొరుకుతయి. కొనగలిగినోళ్లు కొనవచ్చు. కానీ కొన్న మిషిన్ ఆగిపోతే మెకానిక్ కోసం ఎదురు చూడాలె. కట్టుకున్న మిషిన్ ఆగితే ఎక్కడ ఆగిందో కట్టినోనికి తెలుస్తది.

మిషిన్ ఎట్ల పని చేస్తది?

ఇది మన ఒక్కల ఆలోచన కాదు. అమెరికాల కమ్మరులు 1973ల సంఘం పెట్టుకున్నరు. అక్కడ అలబామా రాష్ట్రపు క్లే స్పెన్సర్ 'టైర్ హ్యామర్' డ్రాయింగులు గీసి, కమ్మరులను ఒక షెడ్డుల పోగుచేసి, అందరు కలిసి ఒక్కసారే చాలా హ్యామర్లు కట్టే వర్క్‌షాపులు పెట్టిండు. దాంట్ల గొప్ప సంగతి ఒకటున్నది. గేర్లు లేవు, ఖరీదైన క్లచ్ లేదు. కారు టైరే క్లచ్. మోటరుకు ఉన్న చిన్న ఇనుప రోలరు టైరుకు ఆనితే చక్రం తిరుగుతది. దూరం జరిగితే ఆగుతది. అంతే.

నేను చెప్పేది ఆ టైరు పద్ధతిని మన కమ్మరికి చిన్నప్పటి నుంచి తెలిసిన కమాన్ పట్టాతోని కలుపుకొనే ఏర్పాటు. నిలువుగ ఒక గట్టి ఇనుప స్తంభం. దాని నెత్తి మీద కమాన్ పట్టాలు, పిల్లల ఊగుడు బల్ల లెక్క నడుమల బిగించి ఉంటయి. ఎనుక కొసను ఒక రాడ్డు చక్రానికి కలుపుతది. ముందటి కొసకు పెద్ద సుత్తె వేలాడుతది. చక్రం తిరిగితే రాడ్డు కిందికి మీదికి పోతది, కమాన్ ఊగుతది, సుత్తె దాగలి మీద పడుతది.

నడుమల కమాన్ ఎందుకు, రాడ్డునే నేరుగ సుత్తెకు కలిపితే కాదా అని విద్యార్థి తమ్ముళ్లు అడుగవచ్చు. కాదు. నేరుగ కలిపితే సుత్తె ఎప్పుడూ ఒకే లోతుకు దిగుతది. ఇనుము మందంగ ఉంటే ఏదో ఒకటి విరుగుతది, సన్నగ ఉంటే దెబ్బే తగలది. కమాన్ వంగుతది కాబట్టి మందమెంతున్నా సర్దుకుంటది. పైగా వంగిన కమాన్ తిరిగి లేసేటప్పుడు సుత్తెను కొరడా లెక్క విసురుతది. ఆ విసురే దెబ్బకు బలం.

ఏమేం కావాలె?

స్క్రాపు ధర దినదినం మారుతది. అందుకే రూపాయలు చెప్పను, కిలోలు చెప్త. లెక్క మీరే కట్టుకోండ్రి.

మొదటిది సుత్తె. నాలుగించుల చదరపు కడ్డీ, అడుగు మీద కొంచెం పొడవుంటే దాదాపు 25 కిలోలు. మన ఊరి పనికి ఇది చాలు.

రెండోది కింది దిమ్మె, అంటే దాగలి. దీని కాడ పిసినారితనం పనికిరాదు. సుత్తె బరువుకు కనీసం పదింతలు ఉండాలె, పదిహేనింతలైతే ఇంకా మంచిది. దిమ్మె తేలికైతే దెబ్బ ఇనుముకు తగలక భూమిలకు దిగిపోతది. ఎనిమిదించుల గుండ్రటి షాఫ్టు ముక్క మూడడుగులది దొరికితే సుమారు 230 కిలోలు. చుట్టూ నాలుగు ఇనుప ముక్కలు వెల్డింగు చేస్తే 250 దాటుతది. గొట్టంల ఇసుక నింపి దిమ్మె అనుకోవద్దు. ఒక హెచ్చరిక కూడ చెప్తున్న. స్క్రాపుల రైలు పట్టాల ముక్కలు కనబడితే ఆశపడకండ్రి. రైల్వే ఆస్తి అక్రమంగ దగ్గర ఉంటే 1966 చట్టం కింద కేసు పెడుతరు. రైల్వే వేలంల కొన్నట్టు బిల్లు చూపెడితేనే ముట్టాలె.

మూడోది కింద పరిచే ప్లేటు. మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, ఇంచు మందం. ఇదొక్కటే వంద కిలోలు దాటుతది. స్తంభానికి పాత లారీ చాసిస్ ఛానళ్లు రెండింటిని ఎదురెదురు పెట్టి పెట్టె లెక్క వెల్డింగు చేస్తే గట్టిగుంటది. సుత్తె జారే గూడుకు లోపల నైలాన్ పలకలు వేసి గ్రీజు పెట్టాలె. గూడు వదులైతే సుత్తె పక్కకు ఊగుతది, బిగుసుకుంటే వేడికి పట్టుకుంటది. కాగితమంత సందు చాలు.

నాలుగోది చక్రం. మారుతి 800 కారు చక్రం, హబ్బు, బేరింగులతోని సహా స్క్రాపుల దొరుకుతది. ఆ కారు తయారీ 2014లనే ఆగిపోయింది గాని దాని ఇనుము మన ఊర్లల్ల ఇంకా తిరుగుతున్నది. దాని టైరు వ్యాసం దాదాపు 20 ఇంచులు. సింగిల్ ఫేజ్ ఒక హెచ్‌పీ మోటరు నిమిషానికి 1440 చుట్లు తిరుగుతది. దానికి మూడించుల రోలరు వేస్తే, 1440ని మూడుతోని గుణించి 20తోని భాగించండ్రి. 216 వస్తది. అంటే నిమిషానికి 216 దెబ్బలు. రోలరు నాలుగించులు పెడితే 288. మన పనికి మూడించులే మంచిది.

చక్రానికి నడుమ నుంచి రెండున్నర ఇంచుల దూరంల పిన్ను బిగిస్తే రాడ్డు ఐదించులు ఆడుతది. రాడ్డుకు మరలు వేసి పొడవు పెంచే, తగ్గించే వీలు పెట్టాలె. సుత్తె పూర్తిగ దిగినప్పుడు కూడ కింది అచ్చుకు ఇంచు సందు ఉంచుకోవాలె. అట్లయితే దెబ్బ ఎట్ల తగుల్తది అనుకోకండ్రి. నడిచేటప్పుడు కమాన్ విసురుకు సుత్తె ఆ సందు దాటి వస్తది. చక్రానికి పిన్నుకు ఎదురు దిక్కున బరువు కట్టాలె, లేకుంటే మిషిన్ మొత్తం వణుకుతది.

మోటరును కబ్జాల మీద ఆడే పలక మీద పెట్టి, పలకను కాలి పెడలుకు కలపాలె. పెడలు మెల్లగ తొక్కితే మెత్తని దెబ్బ, గట్టిగ తొక్కితే గట్టి దెబ్బ. కాలు తీస్తే రోలరు వదులుతది, అదే క్షణంల ఒక చెక్క బ్రేకు చక్రాన్ని పట్టుకోవాలె. సుత్తె మీదనే ఆగుతది. పాత సైకిల్ బ్రేకు తెలిసిన ప్రతి ఒక్కరికి ఇది అర్థమైతది.

చివరిది అచ్చులు. లారీ యాక్సిల్ ఇనుముతోని చేసుకోవచ్చు. అంచులు గుండ్రంగ అరగదీయాలె, లేకుంటే పనిల గాట్లు పడుతయి. వాటికి పదును పెట్టే విద్య నేను మీకు చెప్పేది కాదు, మీరే నాకు చెప్పాలె.

భుజం ఒక్కటే కాదు, ప్రాణం కూడ

ఈ మిషిన్ మనిషిని గుర్తుపట్టది. అందుకే నాలుగు మాటలు గట్టిగ చెప్తున్న. కమాన్ పట్టా విరిగితే కత్తి లెక్క ఎగురుతది. దాని చుట్టూ జాలీ లేకుండ ఒక్క దినం కూడ నడుపొద్దు. టైరు, రోలరు కలిసే కాడ చీర కొంగు, చేతి గుడ్డ పడకుండ రేకు మూత వెయ్యాలె. అచ్చులు మార్చేటప్పుడు మోటరు ప్లగ్గు పీకి, సుత్తె కింద గట్టి చెక్క దిమ్మె పెట్టాలె. పెడలు మీద పిల్లి దుంకినా దెబ్బ పడుతది, అందుకే పెడలుకు గొళ్లెం ఉండాలె. కండ్లకు అద్దాలు, చెవులకు దూది కాదు, సరైన మూతలు పెట్టుకోవాలె. మోటరుకు, స్తంభానికి ఎర్తింగు తప్పనిసరి. జింకు పూత ఉన్న పైపును కొలిమిల పెట్టొద్దు, ఆ పొగ విషం. మొదటిసారి నడిపేటప్పుడు అచ్చుల నడుమ కట్టె ముక్క పెట్టి మెల్లగ నడిపి చూడాలె. ఉత్త అచ్చుల మీద అచ్చులను కొట్టనియ్యొద్దు.

కింద సిమెంటు దిమ్మె వేసి, దాని మీద పాత కన్వేయర్ బెల్టు రబ్బరు పరిచి మిషిన్ నిలబెడితే పక్కింటి గోడలు పగలవు. ఇరుగుపొరుగు కొట్లాట తప్పుతది.

మిషిన్ వస్తే పని పోదా?

ఈ ప్రశ్న ఉద్యమంల ఉన్నోళ్లు అడగాల్సిందే. మిషిన్లు వచ్చి మన పనులు పోయినయి, నిజమే. కానీ ఈడ మిషిన్ తీసుకునేది కమ్మరి జాగా కాదు, సమ్మెట జాగా. ఆ జాగల నిలబడేందుకు మనిషి ఎప్పుడో కరువైండు. ఇనుము ఎప్పుడు తియ్యాలె, ఎక్కడ కొట్టాలె, ఏ రంగు కాడ నీళ్లల్ల ముంచాలె అన్నది కమ్మరి కన్నుకే తెలుసు. దాన్ని ఏ మోటరూ నేర్చుకోలేదు.

ఫ్యాక్టరీ కొడవలితోని ధరల పోటీ పడుతమని నేను చెప్తలేను. అది అబద్ధమైతది. కానీ ట్రాక్టరు గొర్రు పళ్లు అరిగితే సాగదీసి ఇచ్చేది ఎవరు? గౌడన్న చేతికి, ఆయన గీసే తీరుకు సరిపోయే గీత కత్తి చేసి ఇచ్చేది ఎవరు? కరీంనగర్ గ్రానైటు క్వారీలల్ల ఉలి మొనలు దినాం అరుగుతయి, మేస్త్రీల గడ్డపారలు మొద్దుబారుతయి. ఇవి ఫ్యాక్టరీకి పంపే పనులు కావు. ఈ పనులు ఊర్ల ఉన్నయి, వాటిని అందుకునే బలం కొలిమి కాడ లేదు. ఆ బలం గంటకు సుమారు ఒక యూనిట్ కరెంటుతోని వస్తది.

ఒక్కరు కాదు, పది మంది

ఇది ఒక్క కమ్మరి ఒక్కడే చేసే పని కాదు. దిమ్మెను లారీ నుంచి దించాలన్నా పది చేతులు కావాలె. అందుకే నా ప్రతిపాదన సాదాసీదాది. మండలానికి పది కమ్మరి కుటుంబాలు కలవాలె. స్క్రాపు ఒక్కసారే కొనాలె. ఒక్క షెడ్డుల మొదటి హ్యామర్ అందరు కలిసి కట్టాలె. దాన్ని చూసి రెండోది, మూడోది కట్టాలె. అలబామా కమ్మరులు చేసింది ఇదే. ఎనుకట మన ఊర్లల్ల బాయి తవ్వినా, ఇల్లు కప్పినా పదిమంది చెయ్యేసుడు ఉండె. అది మనకు కొత్త నేర్పవలసిన విద్య కాదు.

ఐటీఐ, పాలిటెక్నిక్ విద్యార్థులారా! పిన్నులు, రోలరు లేతు మీద తియ్యాలె, గూడు కొలతలు గియ్యాలె. మీ వార్షిక ప్రాజెక్టుకు ఊహల బొమ్మలు కాదు, ఈ పని తీసుకోండ్రి. 2024ల 65 ప్రభుత్వ ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని మొదలైంది. మంచిదే, రోబోలు రావాలె. కానీ ఆ ప్రహరీ గోడకు అవతల ఒక అక్క సమ్మెట ఎత్తుతుంటే, గోడ ఇవతల చదువుకు ఆ దెబ్బ చప్పుడు వినపడాలె.

ఉద్యోగ మిత్రులారా! సకల జనుల సమ్మె దినాలల్ల, 2011ల, మీరు 42 దినాలు విధులు వదిలి రోడ్డు మీదికి వచ్చిన్రు. ఇప్పుడు మిమ్ముల సమ్మె చెయ్యమని అడుగుతలేను, మీ కుర్చీల కూసుండే చెయ్యగలిగిన పని అడుగుతున్న. కరెంటు ఆఫీసుల ఉన్నోళ్లు, కుటీర పరిశ్రమల కేటగిరీ కింద కొలిమికి కనెక్షన్ ఎట్ల వస్తదో ఒక కాగితం మీద తెలుగుల రాసి కమ్మరికి ఇయ్యండ్రి. బ్యాంకుల ఉన్నోళ్లు, పరిశ్రమల శాఖల ఉన్నోళ్లు, 2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంల కమ్మరి పని ఉన్నదని, పనిముట్లకు 15 వేలు, మొదటి విడత లక్ష దాకా అప్పు రాసి ఉన్నదని వాళ్లకు చెప్పి, దరఖాస్తు నింపి ఇయ్యండ్రి. పథకం కేంద్రానిదా, రాష్ట్రానిదా అని చూడొద్దు. అది మన పన్ను పైస.

ప్రభుత్వాన్ని అడగాల్సినవి మూడు. ఒకటి, ప్రతి జిల్లాల ఒక ఐటీఐ షెడ్డును వారానికి ఒక దినం చేతివృత్తులోళ్లకు తెరవాలె. రెండు, తెలుగుల హ్యామర్ డ్రాయింగులు అచ్చేసి ఉచితంగ పంచాలె. మూడు, కొలిమిల సమ్మెట కొట్టే ఆడామెను కూడ కమ్మరి అని గుర్తించి, గుర్తింపు కార్డు ఆమె పేరు మీద ఇయ్యాలె. మొదటి రెండింటికి పైసలు కొన్ని పడుతయి. మూడోదానికి ఒక్క సంతకం చాలు.

మిత్రులారా, తెలంగాణ అమరుల జాబితాల చారి, ఆచారి అన్న పేర్లు ఉన్నయి. 2009 డిసెంబర్ 3న కన్నుమూసిన కాసోజు శ్రీకాంతాచారి పేరు ఎరుగనోళ్లు ఈ సభల లేరు. ఆ పేరు మీద విగ్రహాలు పెట్టుకున్నం, దండలు వేస్తున్నం. వెయ్యాలె కూడ. కానీ ఆ వృత్తి కుటుంబాల పొయ్యి మండాలంటే కొలిమి మండాలె. కొలిమి మండాలంటే దెబ్బకు బలం కావాలె. ఆ బలానికి కావాల్సిన ఇనుమంతా మన ఊరి స్క్రాపు దుకాణంల తుప్పు పట్టి పడున్నది. దాన్ని లేపి నిలబెట్టే చేతులు ఈ సభల ఉన్నయి.

ఇయ్యాల ఇక్కడి నుంచి పోయేముందు పది కమ్మరి కుటుంబాల పేర్లు, ఇద్దరు వెల్డర్ల పేర్లు, ఒక లేతు పనోని పేరు రాసుకొని పోదాం. పని ఆడ్నుంచే మొదలైతది.

జై తెలంగాణ!